మెల్లగా పాడితే పట్టే పెట్టె

ఐరాల,
18-1-2025

హేమాకి మీ లోకేశ్వరత్త రాసేది.

జాబు చూసి గాబరా పడొద్దు. ఇంట్లో అందరమూ బాగుండాము. ఫోను చెయ్యకుండా కాగితం పట్టుకున్నానంటే, నేను నోరు తెరవకూడదు గాబట్టి. పోయిన వారం మీ మామ నన్ను తిరుపతికి పిల్చుకోని పోయి గొంతు డాక్టరమ్మకు చూపించినాడు. కుడిపక్క నరం మీద జొన్నగింజంత బుడ్డ లేచిందంట. వచ్చే నెల పదిహేడో తేదీ ఆపరేషన్. అంతదాకా ఒక్క మాట ఆడకూడదు, గుసగుసలు కూడా పనికిరావంట. నీ ఇంటికి వచ్చి పోదామని నేను సైగ చేస్తే, బస్సు టైమైందని మీ మామ లాక్కోని వచ్చేసినాడు.

ఇప్పుడు ఇంట్లో పలకా బలపమూ పెట్టుకోనుండాను. చారులో ఉప్పు సరిపోయిందా అని రాసి చూపిస్తే, మీ మామ అద్దాలు ఎతుక్కునే లోపల చారు అయిపోతాది. పాలామెకు నేను పలకలేదని కోపం. ఊరంతా చెప్పుకోని తిరుగుతాంది.

అసలు సంగతి ఇది. ఆపరేషన్ అయినాక గొంతు వస్తాదా అని పలక మీద రాసినా. వస్తాది అనింది డాక్టరమ్మ. పాడే గొంతు వస్తాదా అని రాసినా. చూద్దాం అనింది.

ఊరి కోసం ప్రాణమిచ్చిన నీలమ్మ పేరంటాలి కథ మా అత్త మునిరత్నమ్మ నాకు నేర్పించింది. మాటలు రెండు నోటుబుక్కుల్లో ఉండాయి. వరసలు మాత్రం చానా మటుకు నా గొంతులో తప్ప ఇంక యాడా లేవు. ఇరవై ఆరేండ్లుగా తిరునాళ్ళలో చెప్తా ఉండాను గానీ ఒక్కరూ సరిగ్గా రికార్డు పట్టింది లేదు. పాట కంప్యూటర్లోకి ఎక్కించేదానికి బయట తగిలించే పెట్టె ఒకటి కొనాలని నువ్వు అంటా ఉంటివే. అది త్వరగా కొను. పదిహేడో తేదీ లోపల నా గొంతు పట్టి పెట్టు.

మీ మామ ఫోనులో ఏం రాసినా చూస్తాడు, అందుకే జాబు. ఆయనకు చెప్పొద్దు.

నీ మీదే ఆశ పెట్టుకోని ఉండే
అత్త

తిరుపతి, కొర్లగుంట,
22-1-2025

అత్తా,

జాబు రెండు సార్లు చదివినాను. నువ్వు మాట్లాడకుండా ఉండేది నాకు ఊహకే అందలేదు. చిన్నప్పుడు మా నాయన, "మా అక్క ఐరాలలో కథ చెప్తే కాణిపాకంలో వినపడతాది" అనేవాడు.

పెట్టె కొంటాను. దాన్ని ఆడియో ఇంటర్ఫేస్ అంటారు. మైకులో నుంచి వచ్చే గొంతును కంప్యూటర్‌కు అర్థమయ్యేటట్టు మార్చి ఇస్తుంది. ఫోనులో పట్టుకుంటే చాలదా అని నువ్వు అడగొచ్చు. ఫోను మనం గట్టిగా పాడినప్పుడు అణిచేస్తుంది, మెల్లగా పాడినప్పుడు తనంతట తనే పెంచుతుంది. నీ పాటలో ఉండే ఎత్తుపల్లాలన్నీ చదునైపోతాయి. నేను చానల్లో పెట్టే బడి పిల్లకాయల పాటలకు అది సరిపోతుంది గానీ నీకు చాలదు.

మైకు నా దగ్గర మంచిదే ఉంది. దానికి కరెంటు కూడా పెట్టెలో నుంచే అందాలి. అన్ని పెట్టెలూ ఇవ్వవు. కొన్నింటికి ఒక మైకే తగిలించొచ్చు, కొన్నింటికి రెండు, కొన్నింటికి నాలుగు. ఎంతమంది ఉంటారో చెప్పు. దాన్ని బట్టి చూస్తాను.

ఇంకొక్క మాట. మాట్లాడకూడదని చెప్పిన డాక్టరమ్మ పాడేదానికి ఒప్పుకున్నారా? అది రాయి ముందు.

నీ
హేమశ్రీ

ఐరాల,
26-1-2025

హేమా,

డాక్టరమ్మ ఒప్పుకునింది. దాని గురించి నువ్వు ఆలోచన పెట్టుకోవద్దు.

నాలుగు మైకుల పెట్టే కొను. నా గొంతుకొకటి, కుప్పయ్యన్న మద్దెలకొకటి, శ్రీనివాసులు హార్మోనియంకొకటి, తాళాలకొకటి. నేను మొదటి తిరునాళ్ళలో కథ చెప్పినప్పుడు భయపడి పదాలు మర్చిపోతే, నాకు గుర్తొచ్చేదాకా మద్దెల వాయిస్తా జనాన్ని కదలకుండా పెట్టినాడు కుప్పయ్యన్న. ఆయన లేకుండా నేను యానాడూ పాడలా.

పోట్లాట ఘట్టం పాడతా. పశువుల దొంగలు కనుమలోకి దిగితే నీలమ్మ కొడవలి తీసుకోని ఎదురు పోతాదే, అది. నా శృతి తెలుసు గదా, ఐదున్నర, చానా పైది. మీ పెట్టె తట్టుకుంటాదో లేదో చూసుకో.

ఈడ మామిడి పూత బాగా వచ్చింది. మంచు ఎక్కువైతే రాలిపోతాదని మీ మామ చెట్ల కిందనే ఉంటాడు. అదీ ఒకందుకు మంచిదే, నేను జాబు రాసుకుంటాను.

త్వరగా తేదీ చెప్పు.

అత్త

తిరుపతి,
1-2-2025

అత్తా,

పెట్టె ఇంకా రాలేదు. వచ్చినాక తేదీ చెప్తాను.

ఒకటి ఆలోచించు. ముందు నీ గొంతు ఒకటే పట్టుకుందాము. మద్దెల, హార్మోనియం ఆపరేషన్ తర్వాత నిదానంగా చేర్చుకోవచ్చు. అట్ల చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అప్పుడు నాలుగు మైకుల పెట్టె కూడా అవసరం ఉండదు.

మా వీధిలో ఈ వారమంతా కొత్త కాలువ తవ్వుతా ఉన్నారు. అద్దెకిచ్చిన వాళ్ళను అడిగి గుడ్డల బీరువా జరిపి, దుప్పట్లు కట్టి, ఒక మూల నిశ్శబ్దంగా ఉండేటట్టు చేస్తా ఉన్నాను.

నువ్వు మాట్లాడొద్దు. గొంతు సవరించుకోవద్దు కూడా. నీళ్ళు తాగుతా ఉండు.

హేమ

ఐరాల,
4-2-2025

హేమశ్రీకి,

మద్దెలకు కొత్త తోలు చూసేదానికి కుప్పయ్యన్న ముప్పయ్యో తేదీ తిరుపతికి వచ్చినాడు. నిన్ను చూసి పోదామని మీ ఇంటికి వస్తే నువ్వు కాఫీ ఇచ్చినావు. నీ బల్ల మీద నల్ల పెట్టె, దానికి పచ్చ లైట్లు, వైర్లు తగిలించి ఉండాయంట. "లోకమ్మా, పెట్టె వచ్చేసింది, మనల్ని ఎప్పుడు పిలుస్తాదో" అని ఆయన సంతోషంగా వచ్చి చెప్పిన రెండు దినాలకు నీ జాబు వచ్చింది. పెట్టె ఇంకా రాలేదంట!

నాతో అబద్ధం ఎందుకు చెప్పినావు? ఇప్పుడు నాకు అన్నీ అర్థమైతా ఉండాయి. కుప్పయ్యన్న మద్దెల, శ్రీనివాసులు హార్మోనియం నీకు మోటుగా ఉండాయి. గొంతు ఒకటే పట్టుకోని, ఆనక దానికి కీబోర్డు పెట్టి నీ చానల్లో వేసుకుంటావు. మా అత్త నాకు నేర్పించింది అందుకు కాదు.

నాకు ఇంకా పదమూడు దినాలు ఉండాయి. అందులో నువ్వు ఎన్ని తిన్నావో లెక్కేసుకో.

నువ్వు రావద్దు. చిత్తూరులో భానుచందర్ అని ఒకాయన స్టూడియో పెట్టినాడు. శనివారం ఎనిమిదో తేదీ రమ్మన్నాడు. నలుగురమూ పోతా ఉండాము. మీ మామ ఆ దినం బంగారుపాళ్యం మామిడిరసం ఫ్యాక్టరీ కాడికి పోతాడు, తెలీదు.

లోకేశ్వరి

తిరుపతి,
6-2-2025

అత్తా,

ఈ జాబు మామ చేతికే ఇస్తా ఉన్నాను. అంటించి ఇస్తాను. విప్పనని చెప్పినాడు. మామ ఇప్పుడు నా ముందరే కూర్చోనుండాడు.

నేను అబద్ధం చెప్పినాను. ముందు అది ఒప్పుకుంటాను. నువ్వు కూడా చెప్పినావు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఇరవై తొమ్మిదో తేదీ నేనే పోయి అడిగినాను. "ఐదున్నరలోనా? ఆ బుడ్డలో రక్తం ఉందమ్మా. పగిలితే నేను ఏం కుట్టాలి, ఏం మిగల్చాలి?" అన్నారు. ఆ మాట నీకు రాయాలని కూర్చుంటే చెయ్యి రాలేదు. రాస్తే నువ్వు ఇంకొకరి దగ్గరికి పోతావని భయం. చివరికి అదే జరుగుతా ఉంది.

కుప్పయ్య తాత చూసిన పెట్టె వచ్చింది నిజం. ముప్పై ఒకటో తేదీ వెనక్కి పంపించేసినాను. ఎందుకో విను. గట్టిగా పాడే గొంతుకు ఏ పెట్టె అయినా సరిపోతుంది. మెల్లగా పాడినప్పుడే దాని గుణం బయట పడుతుంది. నేను సన్నగా పాడి, మీట తిప్పి గొంతును పెంచితే, ఆ పెట్టెలో గొంతుతో పాటు సుయ్యిమనే రొద కూడా పెరిగింది. నీకు మెల్లగా పాడే దారి ఒకటే ఉందని నాకు అప్పటికే తెలుసు. మద్దెల వద్దన్నది కూడా అందుకే. పక్కన మద్దెల మోగితే నువ్వు ఊరుకోవు, దాని మీదికి ఎక్కి పాడతావు. తాతను నేను ఎందుకు కాదంటాను అత్తా?

కొత్త పెట్టె నిన్న వచ్చింది. రెండు మైకులది, రొద లేదు. హెడ్‌ఫోన్ దానికే నేరుగా తగిలించొచ్చు. గొంతు కంప్యూటర్ లోపలికి పోయి తిరిగి వచ్చేదాకా కాచుకోవాల్సిన పని లేదు. పాడిన క్షణంలోనే చెవిలో పెద్దగా వినిపిస్తుంది. నీ గొంతు నీకు నిండుగా వినపడితే నువ్వు అరవాల్సిన పని ఉండదు.

మామ సంగతి. బియ్యం డబ్బా కింద పెట్టిన నా జాబులు దొరికినాయంట. పొద్దున వచ్చి గుమ్మం కాడ నిలబడి, "ఆమె గొంతు పోతే నిన్ను అడుగుతా" అన్నాడు. తర్వాత లోపలికి వచ్చి నీళ్ళు తాగి చెప్పినాడు. పోయిన వేసవిలో బంగారుపాళ్యం తిరునాళ్ళలో కథ దిగినాక నువ్వు చేతిగుడ్డ నోటికి అద్దుకోని చూసి మడిచి దాచినావంట. ఆ గుడ్డకు రక్తం. నువ్వు చెప్తావని ఆయన ఎనిమిది నెలలు కాచుకున్నాడంట. నువ్వు చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఇద్దరమూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి పోయినాము. పెట్టె గురించి అన్నీ అడిగినారు. చివరికి, "పది నిమిషాలు. ఒక్కసారే. శృతి నాలుగు దాటకూడదు. నొప్పి అంటే ఆపేయాలి" అన్నారు.

తిరిగొచ్చి మామను బీరువా పక్కన కూర్చోబెట్టి, మైకులో మెల్లగా ఏదన్నా మాట్లాడమన్నాను. ఏం మాట్లాడాలో తెలీక "లోకా" అన్నాడు. ఇంకా మాట్లాడమంటే మళ్ళీ అదే అన్నాడు. నాలుగు సార్లు. ఈ పెట్టెలో అది ఎట్ల పడిందో నువ్వు వినాలి.

పన్నెండో తేదీ బుధవారం పొద్దున పెట్టె తీసుకోని ఐరాలకు వస్తాను. వద్దంటే బస్టాండులో నుంచే తిరిగి పోతాను. చిత్తూరు మాత్రం పోవద్దు. కాళ్ళు పట్టుకుంటాను.

హేమ

ఐరాల,
8-2-2025

హేమా,

మీ మామ జాబు ఇచ్చి చెట్ల కాడికి పోయినాడు.  చదివి నాకు నీ మీద కోపం రాలా, ఆయన మీద వచ్చింది. నా గొంతు గురించి మీరిద్దరూ డాక్టరమ్మా కూర్చోని మాట్లాడుకుంటిరి, నేను ఈడ పలక పట్టుకోని ఉంటి. పది నిమిషాలు! మూడు దినాలు చెప్పే కథకు పది నిమిషాలు. ఆ కోపంతోనే ఈ పొద్దు చిత్తూరు పోయినాను.

దాచకుండా రాస్తా ఉండాను. భానుచందర్ మంచివాడే. అద్దం వెనక కూర్చోని, "అమ్మా, ఒకసారి నిండుగా పాడండి, లెవెల్ చూసుకుంటా" అన్నాడు. ఆయనకు ఏం తెలుసు? శ్రీనివాసులు ఐదున్నర పట్టినాడు. నేను ఊపిరి తీసుకున్నా. మద్దెల మోగలా. చూస్తే కుప్పయ్యన్న చేతులు ఒళ్ళో పెట్టుకోనుండాడు. వాయించన్నా అని సైగ చేసినా. "బంగారుపాళ్యంలో ఆ గుడ్డ నువ్వు దాచక ముందే నేను చూసినా లోకమ్మా. నేను వాయిస్తే నువ్వు పాడతావు. నేను వాయించను" అని, మద్దెల భుజాన వేసుకోని మెట్లు దిగి పోయినాడు.

ముప్పై ఏండ్లుగా మద్దెల వాయిస్తా ఉండాడు. వానొచ్చినా, పందిరి కూలినా మధ్యలో ఆపిన మనిషి కాదు.

ఎనక బస్టాండులో చూస్తే బెంచీ మీద కూర్చోని ఏడస్తా ఉండాడు. పక్కన కూర్చుంటి.  ఐరాల బస్సు రెండు పోయినాయి.

పన్నెండో తేదీ రా. రెండో మైకు ఆయనకు పెట్టు. వేళ్ళతోనే వాయిస్తాడంట.

అత్త

తిరుపతి,
13-2-2025

అత్తా,

నిన్న నీ ముందర నోరు తెరిస్తే ఏడుస్తానని, వైర్లు చుట్టుకోని వచ్చేసినాను. నీకు కనపడనివి ఇప్పుడు రాస్తాను.

నువ్వు కండ్లు మూసుకోని ఉంటివి. మామ వాకిట్లో నిలబడి వచ్చే పోయే బండ్లను చేత్తో ఆపుతా ఉన్నాడు. ఒక ట్రాక్టరాయన ఎందుకాపినావని కసురుకుంటే, మామ రెండు చేతులూ జోడించినాడు. ఆయన ఇంజన్ ఆపి దిగి, గోడకు ఆనుకోని నిలబడి విన్నాడు.

ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు పట్టింది. నేను మీట బాగా పైకి తిప్పినాను. వెనక రొద లేదు. నీ చీర కదిలింది వినపడుతుంది. కుప్పయ్య తాత వేళ్ళు మద్దెల మీద ఆనింది వినపడుతుంది.

ఒకటి అడగాలి. పోట్లాట ఘట్టం పాడతావని నేను అన్నీ దానికి సరిచేసి పెట్టుకుంటే, నువ్వు ఇంకేదో పాడినావు. పొద్దున్నే నీలమ్మ కూతురికి తల దువ్వేది. "సిక్కు తియ్యనీ బిడ్డా, సిన్నగా తియ్యనీ" అని. నేను పుట్టినప్పటి నుంచి నీ కథ వింటా ఉన్నాను, ఆ పాట ఎప్పుడూ వినలేదు. అది యాడిది?

పదిహేడో తేదీ ఆస్పత్రి కాడ ఉంటాను.

నీ హేమ

ఐరాల,
15-2-2025

హేమా,

అది మా అత్త నేర్పించిందే. కొడవలి తీసుకోని పొయ్యే ముందు నీలమ్మ కూతురికి జడేస్తాది. తిరిగి రానని తెలుసు, బిడ్డకు చెప్పదు. నా మొదటి రెండేండ్లు తిరునాళ్ళలో పాడినా. జనం లేచి సోడాలకు పోయినారు. దొంగలెప్పుడు వస్తారని ఒకడు అరిచినాడు. మూడో ఏడు ఇడిచిపెట్టేసినా. ఇరవై నాలుగేండ్లు పాడలా.

పోట్లాట వరస ఈ చుట్టుపక్కల పిల్లకాయలు కూడా కూస్తారు. నేను లేకపోయినా ఉంటాది. ఇది నాతోనే పోయేది. పది నిమిషాలే అన్నప్పుడు ఆలోచించినా. నాకు గుర్తుండాదో లేదో కూడా తెలీలా. నువ్వు చెవులకు పెట్టినాక, నా ఊపిరి నాకు వినపడినాక, ఒక్కో మాటా దానంతట అది వచ్చింది.

మీ మామతో పలక మీద మాట్లాడినా. గుడ్డ దాచింది తప్పే అని రాసినా. ఆయన అద్దాలు తీసుకోని వచ్చి చదివినాడు. బలపం అడిగి, కింద "నాదీ" అని రాసినాడు.

ఆపరేషన్ అంటే భయంగా ఉండాది. ఇంకెవరికీ చెప్పలా.

అత్త

తిరుపతి,
20-4-2025

అత్తా,

రోజుకు అరగంట మాట్లాడేదానికి డాక్టరమ్మ ఒప్పుకున్నారని మామ చెప్పినాడు. అరగంటా పాలామెతోనే అయిపోతా ఉందంట!

తిరునాళ్ళ కమిటీ యోగానందం గారు నాకు ఫోను చేసినారు. ఈసారి నువ్వు చెప్పలేవు కాబట్టి, పట్టుకున్న పాటను మైకుసెట్టులో వేస్తామంటారు. నేను అవునని గానీ కాదని గానీ అనలేదు. అత్తను అడగండి అన్నాను. ఈసారి నీకు తెలీకుండా నేను ఏదీ చెయ్యను. ఏం చెప్పమంటావు?

హేమ

ఐరాల,
19-5-2025

హేమా,

నీ జాబుకు జవాబు ఆలస్యమైంది. తిరునాళ్ళు జరిగినాకనే రాద్దామని ఉంటి.

యోగానందం గారు ఇంటికి వచ్చినాడు. పాట వెయ్యొద్దు, నేనే వస్తానని నోటితోనే చెప్పినా. నా గొంతు విని ఆయన మొకం వాడిపోయింది. ఇప్పుడు నా శృతి మూడు. పైకి పోతే గాలి వస్తాది, పాట రాదు. ఒక మధ్యాహ్నం, అరగంట చాలు అన్నా. డాక్టరమ్మ కూడా అంతకే ఒప్పుకునింది. మీ మామ నీళ్ళ చెంబు తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

నిన్న చెప్పినా. ఎండకు జనం పందిరి కిందికి రాకుండా దూరంగా, గోడల నీడలో కూర్చోనుండారు. నేను పోట్లాట జోలికి పోలా. నీలమ్మ బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకునింది అని మొదలు పెట్టినా. నాలుగు మాటలు చెప్పినానో లేదో, ఎనక నుంచి "వినపడలా" అని ఒకాయన అరిచినాడు. ఇంకొకరు "మైకు పెంచండప్పా" అన్నారు. మైకాయన పెంచితే కుయ్యిమని కూసింది, తగ్గించేసినాడు.  నువ్వు లేవు, పెట్టె లేదు, చెవులకు ఏమీ లేదు. గట్టిగా ఒక్క కేక ఎత్తుదామా అనిపించింది. వస్తాదో రాదో గానీ ఎత్తేదాన్నే. కుప్పయ్యన్న తల అడ్డంగా ఊపినాడు. మద్దెల మీద వేళ్ళు ఆనించి ఊరకున్నాడు.

నేనూ ఊరకున్నా. ఆ తర్వాత అదే మాట, అంతే మెల్లగా, మళ్ళీ చెప్పినా.

ముందు ఒక ముసిలామె లేచింది. పోతాదేమో అనుకున్నా. ఆమె చాప సుట్టుకోని వచ్చి నా కాళ్ళ ముందర పరుచుకోని కూర్చునింది. ఆమె ఎనక ఆడోళ్ళు వచ్చినారు, బిడ్డల్ని లాక్కోని. ఆ అరిచినాయన కూడా వచ్చినాడు, చెయ్యి చెవి దగ్గర పెట్టుకోని. పాట సగం అయ్యేసరికి గోడల కాడ ఒక్కరూ లేరమ్మా. అందరూ నా చుట్టూ, ఒకరికొకరు ఆనుకోని కూర్చోనుండారు.

మీ అత్త
లోకేశ్వరి